మూసిన ప్యాకెట్టుకి మా గుమ్మంలో చోటు లేదు

ఈసారి ఆవకాయ గురించీ ఆడపడుచుల గురించీ రాయట్లేదు. పిల్లల జేబుల్లో, జామెట్రీ బాక్సుల్లో, దిండ్ల కింద దొరుకుతున్న రంగురంగుల అట్టముక్కల గురించి రాస్తున్నాను. పోకెమాన్ కార్డులు. ఇంట్లో ఏడేళ్ల నుంచి పదమూడేళ్ల లోపు పిల్లలున్న అమ్మలకి వేరే పరిచయం అక్కర్లేదు. వాషింగ్ మెషీన్‌లోంచి యూనిఫాం తీస్తుంటే ముద్దయిపోయిన ముక్క ఒకటి చేతికి తగిలే ఉంటుంది. దాని కోసం జరిగిన ఏడుపూ గుర్తుండే ఉంటుంది.

ముందే చెప్పేస్తున్నాను. నేను ఈ ఆటకి వ్యతిరేకిని కాను, ఆ మూసిన ప్యాకెట్టుకి వ్యతిరేకిని. ఈ రెంటినీ కలిపేసి మనలో సగంమంది "పోనీలే, ఫోన్ కంటే నయం" అని అడిగినప్పుడల్లా కొనిచ్చేస్తున్నారు. మిగతా సగంమంది "ఇంట్లో ఈ పేకముక్కలేంట్రా" అని చెత్తబుట్టలో వేసేస్తున్నారు. రెండు పద్ధతులూ పిల్లలకి అన్యాయమే చేస్తున్నాయి.

మొదట ఆట సంగతి. వేసవి సెలవుల్లో మా వాడి ఎదురుగా చాప మీద కూర్చుని నేర్చుకున్నాను. ఒక్కొక్కరి చేతిలో 60 ముక్కల కట్ట ఉంటుంది. బేసిక్ ఎనర్జీ అనే శక్తి కార్డులు తప్ప, ఒకే పేరున్న ముక్కలు నాలుగుకి మించి పెట్టుకోకూడదు. ఆట మొదట్లో ఆరు ముక్కలు చూడకుండా బోర్లించి పక్కన పెట్టుకోవాలి. ఎదుటివాళ్ల పోకెమాన్ పడిపోయినప్పుడల్లా వాటిలోంచి మామూలుగా ఒకటి తీసుకోవాలి, ఆరూ ముందు తీసుకున్నవాళ్లు గెలిచినట్టు. ఏ రకానికి ఏ రకమంటే బలహీనతో ముక్క అడుగునే రాసి ఉంటుంది, ఆ రకంతో కొడితే దెబ్బ రెట్టింపు. డెబ్భై రెట్టింపైతే నూట నలభై, వాడి ప్రాణం నూట యాభై, ఇంకా పది మిగిలింది, ఇప్పుడు కొట్టాలా లేక ఇంకో శక్తి కార్డు తగిలించి ఆగాలా? ఎక్కాలు చదవమంటే కడుపునొప్పి వచ్చే పిల్లాడు ఈ లెక్కలన్నీ నోటితో చేస్తాడు. చీమల్లాంటి అక్షరాల ఇంగ్లిష్ చదివి "మే అంటే చేయొచ్చు, మానేయొచ్చు, మస్ట్ కాదు" అని నాకే వ్యాకరణం చెబుతాడు. ఓడిపోయి, ముక్కలు సర్దుకుని, మళ్లీ కలుపుతాడు. ఇంతకంటే మంచి ఇంటి ఆట ఏముంటుంది?

ఇక ప్యాకెట్టు సంగతి. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్ఫీల్డ్ అనే లెక్కల ప్రొఫెసర్ 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అనే ఆట తయారుచేశాడు. ముక్కలన్నీ ఒకేసారి అమ్మకుండా, లోపల ఏవున్నాయో కనిపించని ప్యాకెట్లలో అమ్మడం ఆ ఆటతోనే పుంజుకుంది. ఆ డిసెంబరులోనే 'అరేబియన్ నైట్స్' అని దానికి మొదటి ఎక్స్‌పాన్షన్ సెట్ వచ్చింది. ఎక్స్‌పాన్షన్ అంటే ఆట పాతదే, దానికి కొత్త ముక్కల విడత. పోకెమాన్ కార్డులు 1996లో జపాన్‌లో మొదలై 1999లో ఇంగ్లిష్‌లోకి వచ్చాయి. ఇంగ్లిష్ మొదటి సెట్‌లో 102 ముక్కలు. ఆ ఏడాదిలోనే 'జంగిల్' పేరుతో 64, 'ఫాసిల్' పేరుతో 62. అప్పటినుంచి విడత మీద విడత, ఇప్పుడైతే ఏడాదికి ఎన్నో. ఒక సెట్ పేరు మనకి నోరు తిరిగేలోపు ఇంకోటి దిగుతుంది. పైగా అధికారిక పోటీల్లో స్టాండర్డ్ అనే పద్ధతి ఉంది, అందులో పాత ముక్కలు కాలం గడిచేకొద్దీ చెల్లకుండా పోతాయి. చీర కొన్నాక, ఫలానా పండక్కి దీన్ని కట్టుకోకూడదని బట్టల కొట్టువాడే నిర్ణయిస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

ఒక్క సెట్ తీసుకుందాం. 2023 సెప్టెంబరులో 'స్కార్లెట్ అండ్ వయొలెట్ 151' వచ్చింది. 151 అంటే మొట్టమొదటి తరం పోకెమాన్ల సంఖ్య. ఇది పిల్లల కోసం కంటే వాళ్ల నాన్నల కోసం తయారైన సెట్ అని నా అనుమానం. కార్టూన్ నెట్‌వర్క్‌లో చూస్తూ, చిప్స్ ప్యాకెట్లలో బిళ్లలు ఏరుకుంటూ పెరిగిన మగవాళ్లు ఇప్పుడు జీతాలు తెచ్చుకుంటున్నారు కదా! మా ఆయన ఆ పెట్టె చూసి కరిగిపోయిన తీరు చూస్తే కంపెనీ లెక్క తప్పలేదనిపించింది. ఆ సెట్‌లో 001 నుంచి 165 వరకు నంబర్లు, ఆపైన దొరకని 'సీక్రెట్' ముక్కలు కలిపితే 207. ప్యాకెట్టుకి పది ముక్కలు. ఇంగ్లిష్‌లో దాన్ని విడి ప్యాకెట్టుగా కూడా వదల్లేదు, పెట్టెల్లోనూ కట్టల్లోనూ పెట్టి అమ్మారు.

నేను బీఎస్సీ మ్యాథ్స్. పోపులపెట్టె సర్దడానికి ఆ డిగ్రీ పనికిరాలేదు గానీ ఇక్కడ పనికొచ్చింది. ఆ 165 ముక్కలూ సమానంగా దొరుకుతాయనే అనుకుందాం. మొదట్లో వచ్చినవన్నీ కొత్తవే, పిల్లాడు గెంతులేస్తాడు. సగం పోగయ్యేసరికి చేతికొచ్చే ప్రతి రెండు ముక్కల్లో ఒకటి పాతదే. చివరి ఒక్క ముక్క మిగిలినప్పుడు, అది వచ్చే అవకాశం 165లో ఒకటి. అంటే సగటున 16, 17 ప్యాకెట్లు ఆ ఒక్కదాని కోసమే చించాలి. మొత్తం సెట్ పూర్తవ్వాలంటే సుమారు 940 ముక్కలు, అంటే 94 ప్యాకెట్లు. ఒరిజినల్ ప్యాకెట్టు మూడొందలే అనుకున్నా 28,000 రూపాయలు దాటుతుంది. మా ఇంటి మూడు నెలల కిరాణా! ఇది కూడా ముక్కలన్నీ సమానంగా దొరికే ధర్మలోకంలో మాట. నిజంగా అలా దొరకవు. పిల్లాడు ఏది కావాలని కలవరిస్తాడో అదే అన్నిటికంటే తక్కువ అచ్చవుతుంది. అది పొరపాటున జరిగేది కాదు, వ్యాపారమంతా దాని మీదే నడుస్తుంది.

మనం నారాయణగూడ మార్కెట్‌కి వెళ్తే బెండకాయ కొస విరిచి చూసిగానీ తూకం వేయనివ్వం. పుచ్చకాయకి గంటు పెట్టి చూపించమంటాం. బిస్కెట్ ప్యాకెట్టు మీద బరువెంతో, ధరెంతో అచ్చు వేయాలని మన దేశంలో రూలుంది. అలాంటి మనం, లోపల ఏముందో చెప్పని సంచీని, అది కూడా తొమ్మిదేళ్ల పిల్లాడి చేతికి, వందలు పోసి ఎలా కొనిస్తున్నాం?

అశోక్‌నగర్ వైపు ఒకసారి నడిచి చూడండి. గోడ ఖాళీ లేకుండా కోచింగ్ సెంటర్ల బోర్డులు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ దొరకక, జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు చెట్ల కింద కూర్చుని గ్రూప్స్‌కి చదువుతుంటారు. వాళ్లదీ ఒక రకంగా అదృష్టంతో పందెమే. కానీ నోటిఫికేషన్‌లో పోస్టులెన్నో ఉంటుంది. సిలబస్ ఏమిటో ఉంటుంది. ఎన్ని పోస్టులో చెప్పం, సిలబస్ చెప్పం, ఫీజు మాత్రం కట్టండి అంటే ఆ పిల్లలు ఊరుకుంటారా? పోస్టులు తక్కువ వేశారన్నా, పరీక్ష తేడాగా జరిగిందన్నా ఆ గల్లీల్లోనే రోడ్డెక్కారు. పాతికేళ్లవాళ్లకి అడిగే హక్కున్న ప్రశ్న తొమ్మిదేళ్లవాడి తరఫున అడగాల్సింది మనమే.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ మండించిన విషయం. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుక్కి పదేళ్లు. మా సెల్లార్‌లో ఈ ఆట అందరికంటే బాగా వచ్చినవాడు వాడే. మెట్ల మీద కూర్చుని చూసి చూసి నేర్చుకున్నాడు. గల్లీ చివర దుకాణంలో పది రూపాయలకి దొరికే ప్యాకెట్లు నాలుగు కొనుక్కుని, బంగారు రంగు పూసిన ముక్కలు పట్టుకుని ఆడటానికొచ్చాడు. "నీవి డూప్లికేట్, పో" అన్నారు మన పిల్లలు. మాట నిజమే, అవి నకిలీవే. ఒరిజినల్ ప్యాకెట్టు ఒక్కటి కొనాలంటే వాళ్లమ్మ ఒక ఇంట్లో వారం రోజులు గిన్నెలు తోమాలి. వాడు ఆ బంగారు ముక్కలు నిక్కర్ జేబులో పెట్టుకుని, చూస్తున్నట్టు నటించకుండా చూస్తూ, మళ్లీ మెట్ల మీద కూర్చున్నాడు.

మనిళ్లల్లో పేకాట అంటే తప్పు. తాతలు ఆస్తులు పోగొట్టిన కథలు ప్రతి వంశంలోనూ ఉంటాయి. అయినా ఒక మాట ఒప్పుకోవాలి, పేక దగ్గర ఒక న్యాయముంది. కట్టలో 52 ముక్కలని అందరికీ తెలుసు. జమీందారైనా, జీతగాడైనా ఒకే కట్టలోంచి పంచుకోవాలి. డబ్బున్నవాడు ఐదో ఆసు కొనుక్కుని రాలేడు. ఇక్కడ కొనుక్కుని రావచ్చు. ఎవరింట్లో ఎక్కువ ప్యాకెట్లు చించితే వాళ్ల కట్ట అంత బలం. మనం చదువులో, బట్టల్లో, బర్త్‌డేల్లో చూపించుకునే తేడాలు చాలవన్నట్టు ఆటలోకి కూడా తెచ్చిపెట్టాం.

దీనికి నాకు వచ్చే జవాబులు నాలుగు. ఒక్కొక్కటే చూద్దాం.

"మనం గోలీలాడలేదా, అగ్గిపెట్టె బొమ్మలు పోగెయ్యలేదా?" ఆడాం. గోలీ కొనేముందు వెలుగులో పెట్టి లోపలి పువ్వు చూసి కొన్నాం. ఓడిపోతే మన గోలీ ఎదురింటి పిల్లాడి జేబులోకి వెళ్లింది, మర్నాడు గెలిచి తెచ్చుకున్నాం. గోలీల కంపెనీకి మన ఓటమితో పని లేదు. అగ్గిపెట్టెలైతే ఎవరో వాడి పారేసినవే. మన చిన్నప్పటి వాటిలో దీనికి దగ్గరి చుట్టం ఒకటే: దుకాణంలో అట్ట మీద అంటించిన కాగితం చించితే లోపల నంబరు, ఆ నంబరుకి ఉన్న బొమ్మ మనది. పెద్ద బొమ్మ ఎప్పుడూ ఎవరికీ రాలేదు. ఆ అట్ట దగ్గరికి వెళ్తే మన అమ్మలు వీపు విమానం మోత మోగించేవాళ్లు. వాళ్లకి లెక్కలు రాకపోయినా లెక్క తెలుసు.

"ఫోన్ కంటే నయం కదా?" ఆట నయం. ప్యాకెట్టు ఫోన్‌కి తోబుట్టువే. వేలితో తోస్తే ఇంకో రీలు, గోటితో చించితే ఇంకో ముక్క. అసలు చిత్రం వినండి. ఇదే పోకెమాన్ కార్డుల ఫోన్ ఆట 2024 అక్టోబరులో వచ్చింది. అందులో ప్యాకెట్టు తెరిచేముందు ఏ ముక్క వచ్చే అవకాశం నూటికెంతో చూసుకోవచ్చు. ఎందుకంటే ఫోన్ ఆటల మీద అందరి కన్నూ పడింది. 2012లోనే జపాన్ ఇలాంటి ఫోన్ లాటరీల్లో ఒక రకాన్ని ఆపించింది. 2018లో బెల్జియం వాళ్లు వీడియో ఆటల్లో డబ్బుకి అమ్మే మిస్టరీ పెట్టెలు జూదమేనని తేల్చారు. కాగితం ప్యాకెట్టు మీద మాత్రం ఆ శాతాలు అచ్చు వేయరు. ఫోన్‌లో చెప్పగలిగింది అట్ట మీద చెప్పడానికి సిరా సరిపోలేదా? మన తెలంగాణలో పెద్దవాళ్లు ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి రమ్మీ ఆడకూడదని 2017లో చట్టం మార్చారు. పిల్లలు డబ్బు పెట్టి అదృష్టం చించుకుంటే మాత్రం బొమ్మల కొట్టు వ్యాపారం!

అమెరికాలో తల్లిదండ్రులు దీని మీద కోర్టుకి కూడా వెళ్లారు. ఇలాంటి కార్డుల కంపెనీల మీద వేసిన కేసుల్ని 2002లో అక్కడి అప్పీళ్ల కోర్టు ఒకటి కొట్టేసింది. డబ్బుకి ముక్కలు వచ్చాయి, కోరుకున్న ముక్క రాలేదన్న నిరాశని ఆస్తి నష్టంగా లెక్కపెట్టలేం అంది. చట్టం దృష్టిలో అంతే కావచ్చు. కానీ ఆ నిరాశే ఇంకో ప్యాకెట్టు కొనిపిస్తుందని ఏ అమ్మనడిగినా చెబుతుంది.

"ఇది ఇన్వెస్ట్‌మెంట్, ముందుముందు లక్షలు పలుకుతుంది." ఈ మాట నాన్నలది, మరుదులది. లోగన్ పాల్ అనే యూట్యూబర్ 'పికాచూ ఇలస్ట్రేటర్' కార్డుకి 52 లక్షల డాలర్లకి పైగా పెట్టాడని వీడియో చూపిస్తారు. నిజమే, గిన్నిస్‌కి కూడా ఎక్కింది. కానీ ఆ కార్డు ఏ ప్యాకెట్లోనూ రాలేదు. 1997, 98 ప్రాంతాల్లో జపాన్‌లో కోరోకోరో అనే పిల్లల పత్రిక బొమ్మలు గీసే పోటీలు పెట్టి, గెలిచినవాళ్లకి బహుమతిగా ఇచ్చింది. అన్నిటికంటే ఖరీదైన ముక్క ప్యాకెట్టు చించినవాడికి దక్కలేదు, కూర్చుని బొమ్మ గీసినవాడికి దక్కింది. ఈ కథ మీ మరిదిగారికి కాఫీతో పాటు ఇవ్వండి. అంత ఇన్వెస్ట్‌మెంట్ బుద్ధి ఉంటే పిల్లాడి పేరు మీద పోస్టాఫీసులో వెయ్యమనండి.

"మరి కంపెనీ ఎలా బతకాలి?" బతకొచ్చు. ఆ గార్ఫీల్డే 1996లో 'నెట్‌రన్నర్' అని ఇంకో ఆట చేశాడు, అదీ మూసిన ప్యాకెట్లలోనే వచ్చింది. 2012లో వేరే కంపెనీ దాన్నే మళ్లీ తెచ్చింది. ఎక్స్‌పాన్షన్లు అప్పుడూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. కానీ ఏ ప్యాకెట్టులో ఏ ముక్కలున్నాయో ముందే తెలుసు, అందరికీ అవే. కాబట్టి కొత్త సెట్లు రావడం తప్పు కాదు. వాటిని లాటరీగా అమ్మకుండా కూడా అమ్మొచ్చని వాళ్లే చేసి చూపించారు.

మరి మనమేం చేయాలి? ఆట ఉంచుదాం, ప్యాకెట్టు ఆపుదాం. మా ఇంట్లో పెట్టిన పద్ధతి చెబుతాను.

కొంటే 60 ముక్కలతో తయారుగా వచ్చే బ్యాటిల్ డెక్ కొంటాం. అందులో ఏవుంటాయో ముందే తెలుస్తుంది. వాడికి ఫలానా ముక్కే కావాలంటే, విడిగా అమ్మేవాళ్ల దగ్గర ధర చూసి, తన పాకెట్ మనీ కూడబెట్టుకుని కొనుక్కోవచ్చు. ధర తెలిసిన వస్తువు కోసం మూడు నెలలు ఆగడం వాడికి మంచి చదువే.

బర్త్‌డేకి రిటర్న్ గిఫ్టుగా మూసిన ప్యాకెట్లు పంచే అలవాటు మొదలైంది. దయచేసి మానేద్దాం. ఇరవైమంది పిల్లలు ఒకేసారి చించితే ఒకడి కేక, పందొమ్మిదిమంది మొహాలు, అది పుట్టినరోజు పండగా? డాలస్ నుంచి వచ్చే పిన్నికీ, న్యూజెర్సీ మామయ్యకీ ముందే చెబుదాం. "వాడికేం తేవాలి" అని ఫోన్ చేసినప్పుడు "మీ ఇష్టం" అనకండి. "ప్యాకెట్లు వద్దు, డెక్ తెండి" అనండి. వాళ్లేమీ అనుకోరు, వెతుకులాట తప్పిందని సంతోషిస్తారు.

పిల్లల మధ్య మార్పిడికి ఒక రోజు గడువు పెట్టాం. ఎనిమిదో తరగతి వాడు రెండో తరగతి పిల్లని "మెరుస్తోంది కదా" అని మభ్యపెట్టి మంచి ముక్క లాక్కుంటే, మర్నాడు సాయంత్రంలోపు ఎవరడిగినా వెనక్కి ఇచ్చేయాలి. ఈ ఒక్క రూలుతో మా ఫ్లోర్‌లో సగం పంచాయితీలు తగ్గాయి.

అన్నిటికంటే ముఖ్యమైంది, నలుగురం అమ్మలం తలా కొంత వేసుకుని రెండు డెక్కులు కొని, స్టీలు డబ్బాలో పెట్టి సెల్లార్‌లో ఉంచాం. అవి ఎవరివీ కావు, అందరివీ. పేకలాగే, ఎవరు కూర్చున్నా ఆ రెండింట్లోంచే ఆడాలి. వాచ్‌మన్ కొడుకు మొదటి సాయంత్రమే మా వాడిని రెండుసార్లు ఓడించాడు. మా వాడు పైకొచ్చి అన్నం తింటూ "అమ్మా, వాడు నీళ్ల రకాన్ని చివరిదాకా దాచిపెట్టుకుంటాడు, మనం మోసపోతాం" అని వివరంగా చెప్పాడు. ఏ ముక్క దొరికిందన్న మాట ఆ రోజు మా ఇంట్లో వినపడలేదు.

ఇంకా గట్టిగా అడగాల్సినవి రెండున్నాయి. ప్యాకెట్టు మీద శాతాలు తెలుగులోనో, హిందీలోనో, కనీసం ఇంగ్లిష్‌లోనో అచ్చు వేయమని కంపెనీని అడగాలి. స్కూళ్లు కార్డులు లాక్కుని అలమారలో పెట్టి చేతులు దులుపుకోకుండా, నెలకో గంట అందరికీ ఒకే కట్టతో ఆడించమని పేరెంట్స్ మీటింగులో అడగాలి. ఒక్కరం అడిగితే "మీ ఒక్కరికే ప్రాబ్లమా మేడమ్" అంటారు. పదిమంది అడిగితే నోటు చేసుకుంటారు.

మళ్లీ కొత్త సెట్ వస్తుంది, వాయిదా లేకుండా వస్తుంది. పిల్లాడు పరుగెత్తుకొచ్చి "అమ్మా, ఒక్క ప్యాకెట్" అన్నప్పుడు కోప్పడకండి, లొంగకండి. "లోపలేముందో చూపించమను, చూసి కొందాం" అనండి. బెండకాయలవాడు చూపిస్తాడు. వీళ్లెందుకు చూపించరో వాడే ఆలోచించుకుంటాడు. ఈలోపు మీ అపార్ట్‌మెంట్‌లో ఒక స్టీలు డబ్బా ఖాళీ చేసి పెట్టండి.